పాత స్పోర్ట్స్ కారు సొంతంగా అమ్ముతుంటే బేరం ఎక్కడ ఆగుతోంది? సమస్య - పరిష్కారం

ఆడి టీటీ, బీఎండబ్ల్యూ జెడ్4, స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటి పాత కార్లకు నెల్లూరు, ఒంగోలులో కొనేవాళ్లు తక్కువ. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ నుంచే ఎక్కువగా వస్తారు. బండిని మీరు ఎంత శ్రద్ధగా చూసుకున్నారో వాళ్లకు తెలియదు, కాగితంలో, మీటరులో కనిపించినదాన్నే నమ్ముతారు. అందుకే ధర తగ్గించే ముందు బేరం ఏ దశలో తెగిందో చూడండి.

సమస్య: ఫోన్లు వస్తున్నాయి, మనిషి రావడం లేదు

కారణం: ఫొటోలన్నీ మెరుపులే, వివరాలు లేవు. "షోరూం కండిషన్" అని అందరూ రాస్తారు.

పరిష్కారం: స్పీడ్ బ్రేకర్లకు గీసుకున్న బంపర్ కింది అంచు, జాకీ పెట్టే చోట్లు, బ్రేకు పైపుల ఫొటోలు పెట్టండి. బండి మైపాడు, కొత్తపట్నం వైపు ఉంటే ఉప్పుగాలికి తుప్పు పట్టిందేమోనని ముందు అక్కడే చూస్తారు. టైర్ల తేదీ కోడ్ కూడా కనిపించాలి: 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటిన టైరుకు గాడులు ఎంత ఉన్నా వేగంగా నడిపే బండికి అది పనికిరాదని తెలిసినవాళ్లు లెక్కేస్తారు. సర్వీసు బిల్లుల్లో తేదీ, కిలోమీటర్లు చదవగలిగేలా తీయండి. ఆరు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేరుబాక్సు) అయితే 60,000 కిలోమీటర్లకోసారి గేరు ఆయిల్, ఫిల్టర్ మార్చిన బిల్లు అన్నిటికన్నా ముఖ్యం.

చీమకుర్తి లారీల వెనక తిరిగి బానెట్ మీద రాళ్ల దెబ్బలు పడ్డాయా? టచప్ చేసి వదిలేయండి. అమ్మే ముందు కొత్త పెయింట్ వేయిస్తే యాక్సిడెంట్ దాచారనుకుంటారు. ఆషాఢంలో ఫోన్లు తగ్గితే అది బండి లోపం కాదు, శ్రావణం దాకా ఆగండి.

సమస్య: వచ్చి చూశారు, "మళ్లీ చెప్తాం" అని వెళ్లిపోయారు

ఎక్కువ బేరాలు ఇక్కడే పోతాయి, అదీ మంచి బండ్లవే.

మొదటి కారణం, మనిషి వచ్చేసరికి ఇంజన్ వేడిగా ఉండటం. మర్యాదకు ముందే స్టార్ట్ చేసి ఉంచుతారు, వచ్చినవాళ్లేమో పొగ దాచారనుకుంటారు. రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున వాళ్లనే బానెట్ ముట్టుకోనివ్వండి, వాళ్ల ముందే స్టార్ట్ చేయండి. మొదట్లో కాస్త తెల్లటి ఆవిరి రావడం మామూలే. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, వాల్వ్ సీళ్లో టర్బోనో చూపించాలి. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా, కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగం కింద ఉండే సీలు) పోయిందేమోనని అనుమానించాలి.

రెండోది చాలామందికి తెలియదు. తక్కువ తిరిగే బండి కాబట్టి బ్యాటరీ దిగిపోతుంది. ముందురోజు కొత్తది బిగిస్తారు. బ్యాటరీ తీసినప్పుడు చాలా కార్లలో కంప్యూటర్ సొంత పరీక్షల ఫలితాలు చెరిగిపోతాయి, స్కానర్ (ఆ కంప్యూటర్‌ను చదివే పరికరం) పెడితే పరీక్షలు "పూర్తి కాలేదు" అని చూపిస్తుంది. ఎర్రర్ కోడ్లు తుడిచేశారని కొనేవాళ్లు అనుకోవడంలో తప్పు లేదు. అందుకే బ్యాటరీని కనీసం వారం ముందు మార్చండి. ఆ తర్వాత హైవే మీదా ఊళ్లోనూ కలిపి 100 నుంచి 150 కిలోమీటర్లు నడిపి, స్కాన్ రిపోర్టు తీయించి పెట్టుకోండి. ఆపిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ నడుస్తుండగా 13.8 - 14.5 మధ్య ఉండాలి.

మూడోది పెయింట్ గేజ్, అంటే పెయింట్ మందం కొలిచే పరికరం. కంపెనీ పెయింట్ సాధారణంగా 100 - 150 మైక్రాన్లు ఉంటుంది. 300 దాటితే మళ్లీ వేసిన పెయింట్, 1000 దాటితే కింద పుట్టీ. ఏ ప్యానెల్‌కు పని జరిగిందో గేజ్ కన్నా ముందు మీరే చెప్పండి. టీటీలో అల్యూమినియం ప్యానెళ్లున్నాయి, ఇనుముకు మాత్రమే పనిచేసే గేజ్ వాటి మీద రీడింగ్ ఇవ్వదు. రెండు లోహాలకూ పనికొచ్చే గేజ్ తెమ్మని ముందే చెప్పాలి.

సమస్య: బండి నచ్చింది, ధర కుదరడం లేదు

కారణం: ఆర్సీ గడువు. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆపైన అయిదేళ్లకోసారి రెన్యువల్. బండికి 20 ఏళ్లు దాటకపోతే, 2022 ఏప్రిల్ నుంచి దాని ఫీజు 5,000 రూపాయలు. ఆర్సీలో దిగుమతి వాహనంగా నమోదైతే 40,000. టీటీ, జెడ్4 ఇక్కడికి పూర్తిగా తయారై దిగుమతైన కార్లే కాబట్టి కొనేవాళ్లు ఆ మొత్తాన్నే తగ్గించమంటారు.

పరిష్కారం: గడువుకు 60 రోజుల ముందు నుంచే ఫారం 25తో దరఖాస్తు చేయవచ్చు. రెన్యువల్ చేయించే అమ్మండి. ఇన్సూరెన్స్ ఐడీవీ (పాలసీలో బండికి రాసిన విలువ) చూపించి "ఇంతేగా విలువ" అంటే, అయిదేళ్లు దాటిన బండికి ఐడీవీని కంపెనీ, ఓనరు మాట్లాడుకుని పెట్టుకుంటారని చెప్పండి. అది మార్కెట్ ధర కాదు.

సమస్య: అడ్వాన్స్ ఇచ్చాక వెనక్కి తగ్గారు

కారణం: లోన్ ఎప్పుడో తీరినా ఆర్సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది. ఫారం 35తో, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం)తో ఆ పేరు ముందే తీయించండి. కొనేవాళ్లది తమిళనాడో కర్ణాటకో అయితే ఫారం 28తో ఆర్టీఓ ఎన్‌ఓసీ కావాలి. పాత చలానాలు కట్టేశాకే దానికి వెళ్లండి.

డబ్బు ఆర్టీజీఎస్‌లో తీసుకోండి. 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. డబ్బు రావడానికి క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమన్నారంటే అది మోసమే. స్క్రీన్‌షాట్ కాదు, మీ ఖాతాలో జమ కనిపించాకే తాళం ఇవ్వండి.

సమస్య: అమ్మేశాక కూడా చలానాలు మీకే వస్తున్నాయి

కారణం: పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టి ఇచ్చేశారు, పేరు మారలేదు. ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వాళ్లే ఓనరని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో చెప్పింది.

పరిష్కారం: రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లోగా ఫారం 29 మీరే ఆర్టీఓకు అందేలా చూడండి. తేదీ, గంట, మీటరు రీడింగ్ రాసిన డెలివరీ కాగితం మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఫాస్టాగ్ పీకి, ఖాతా మూయించండి. లేకుంటే వాళ్లు వెంకటాచలం, టంగుటూరు టోల్‌గేట్లు దాటిన ప్రతిసారీ డబ్బు మీ ఖాతాలో కట్ అవుతుంది. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) బండిది కాదు, మీది. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి దానికి లెటర్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కారుకు వాడుకోవచ్చు.