పిండాన్ని చదువుదాం – 4వ పాఠం: రెట్ జన్యువు తీసేస్తే ఏం పోతుంది, ఎందుకు పోతుంది?

రిసెప్టర్ అంటే కణం పొరలో సగం బయటికి, సగం లోపలికి ఉండే ప్రొటీన్ అని, గ్రోత్ ఫ్యాక్టర్ (కణాలకు సంకేతమిచ్చే ప్రొటీన్) వచ్చి బయట పట్టుకుంటే లోపలి సగం పని మొదలుపెడుతుందని పోయిన పాఠంలో చూశాం. ఈసారి నేర్చుకోవాల్సింది ఒక్కటే. ఒక జన్యువును తీసేసిన ఎలుక గురించి చదివినప్పుడు దాన్నిబట్టి ఎంతవరకు చెప్పొచ్చు, ఎక్కడ ఆగాలి? ఉస్మానియా క్యాంపస్‌లోనో కోఠిలోనో ఎంట్రన్స్‌లకు చదువుకునే పిల్లలు చాలామంది "ఫలానా జన్యువు పోతే ఫలానా అవయవం రాదు" అని బట్టీ పట్టేస్తారు, అదే ప్రశ్న కాస్త తిప్పి అడిగితే టెన్షన్ పడిపోతారు. కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో చదివి వదిలేస్తే ఇది పట్టుబడదు.

ముందు కిడ్నీ ఎలా మొదలవుతుందో చూద్దాం. నిలువుగా ఒక గొట్టం గీయండి, అది నెఫ్రిక్ డక్ట్. దాని కింది చివర పక్కనే, గొట్టానికి తగలకుండా, చుక్కలు చుక్కలుగా ఒక కణాల గుంపు పెట్టండి, అది మెటానెఫ్రిక్ మీసెంకైమ్. మనిషి పిండంలో ఇది దాదాపు ఐదో వారం సంగతి, ఎలుకలో పదిన్నర రోజులప్పటిది. ఆ గుంపు జీడీఎన్ఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ను వదులుతుంది. గొట్టం కణాల మీద రెట్ అనే రిసెప్టర్ (అదే పేరున్న జన్యువు నుంచి వచ్చేది), దానికి తోడుగా జీఎఫ్ఆర్ ఆల్ఫా 1 ఉంటాయి. జీడీఎన్ఎఫ్ ఆ తోడుతో కలిసి రెట్‌ను పట్టుకుంటేనే రెండు రెట్‌లు దగ్గరికొచ్చి, ఒకదాని టైరోసిన్‌ల (ప్రొటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) మీద ఇంకొకటి ఫాస్ఫేట్ తగిలిస్తాయి. దాంతో గొట్టం గోడ ఒకచోట ఉబ్బి మొగ్గ తొడుగుతుంది, ఆ మొగ్గ గుంపులోకి చొచ్చుకుపోయి చీలుతూ, మళ్లీ చీలుతూ కొమ్మలేస్తుంది, కొమ్మల కొసల దగ్గర రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్లు తయారవుతాయి.

ఇది ఊహ కాదని నాకు బాగా నమ్మకం కలిగించిన ప్రయోగం ఒకటుంది. చిన్న పూసను జీడీఎన్ఎఫ్‌లో నానబెట్టి, డిష్‌లో పెంచుతున్న గొట్టం పక్కన పెట్టారు. మామూలుగా మొగ్గే రాని చోట, పూసకు దగ్గరగా, అదనపు మొగ్గలు పొడుచుకొచ్చాయి! మీ బొమ్మలో గొట్టం పైభాగం పక్కన ఒక పూస గీసి, మొగ్గ ఎటు వస్తుందో బాణం వేయండి.

ఇప్పుడు పేగు. న్యూరల్ క్రెస్ట్ కణాలు (పిండం వీపు వైపు పుట్టి వేరేచోట్లకు వలసపోయే కణాలు) పేగు పైభాగంలో ప్రవేశించి కింది చివరిదాకా నడిచి వెళ్లాలి, దారంతా నాడీ కణాలుగా స్థిరపడాలి. వాటి మీద ఉన్నదీ ఆ రెట్టే, పేగు గోడ వదిలేదీ ఆ జీడీఎన్ఎఫ్ఫే. కానీ ఇక్కడ అర్థం వేరు: బతుకు, సంఖ్య పెంచుకో, ముందుకు పద. ఎంజీబీఎస్‌లో వరంగల్ బస్సు అనౌన్స్‌మెంట్ అందరి చెవినా పడుతుంది, ఒకాయన బ్యాగు ఎత్తుకుని పరిగెడతాడు, పక్కాయన టీ తాగుతూనే ఉంటాడు. మాట ఒక్కటే, వినేవాళ్ల పనులు వేరు. కణాల విషయంలో ఆ తేడా అంతకుముందే ఏ జన్యువులు తెరుచుకుని ఉన్నాయన్న దాన్నిబట్టి వస్తుంది.

1994లో రెట్ లేని ఎలుకల్ని చూస్తే కిడ్నీలు అసలు లేవు, లేదా నామమాత్రంగా ఉన్నాయి. పేగులో నాడీ కణాలూ లేవు. 1996లో జీడీఎన్ఎఫ్ తీసేసినా అదే ఫలితం. మనుషుల్లో రెట్ లోపం హిర్ష్‌స్ప్రుంగ్ వ్యాధిగా కనిపిస్తుంది, దాదాపు 5,000 మంది శిశువుల్లో ఒకరికి. క్రెస్ట్ కణాలు చివరిదాకా చేరక కింది పేగు ముడుచుకునే ఉండిపోతుంది, పుట్టి 48 గంటలైనా బిడ్డకు మొదటి విరేచనం కాదు, పొట్ట ఉబ్బుతుంది. నీలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రుల్లో సర్జన్లు నాడులు లేని ఆ ముక్కను తీసేసి మిగతా పేగును కిందికి కలుపుతారు. ఒక తేడా గుర్తుంచుకోండి: ఎలుకలో రెట్ జన్యువుకున్న రెండు కాపీల్లో ఒకటి పోయినా దాదాపు ఏమీ కాదు, మనిషిలో ఒక్క కాపీ పోయినా ఈ జబ్బు రావచ్చు. ఎలుక ఫలితాన్ని ఎత్తి మనిషికి అతికించేముందు ఇది అడగాల్సిన ప్రశ్న.

అసలు చిక్కు ఇక్కడుంది. "జీడీఎన్ఎఫ్ లేకపోతే కిడ్నీ లేదు, కాబట్టి కిడ్నీని చేసేది జీడీఎన్ఎఫ్" అని మీరు రాసుకుని ఉంటే, దాన్ని కొట్టేయకుండా అలాగే ఉంచండి. గొట్టం కణాల్లో స్ప్రౌటీ 1 అనే బ్రేక్ ఉంది. అది ఒక్కటే తీసేస్తే మొగ్గలు ఎక్కువై, ఒకటికి మించి మూత్రనాళాలొస్తాయి. మరి జీడీఎన్ఎఫ్, స్ప్రౌటీ 1 రెండూ తీసేస్తే? కిందికి చదవకుండా ముందు మీ జవాబు రాయండి.

కిడ్నీలు వచ్చాయి. 2010లో ప్రచురించిన ఫలితమిది, నేను మొదటిసారి చదివినప్పుడు బొమ్మలు రెండుసార్లు చూడాల్సి వచ్చింది. అంటే జీడీఎన్ఎఫ్ ఒంటరిగా కిడ్నీని కట్టడం లేదు, బ్రేక్‌ను మించేంత ఊపు ఇస్తోంది. బ్రేకే లేనప్పుడు ఎఫ్‌జీఎఫ్ 10 అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ ఇచ్చే కొద్దిపాటి ఊపు చాలు. అందుకే తీసేసిన ప్రయోగం "ఇది అవసరం" అని మాత్రమే చెబుతుంది, అది కూడా ఆ పరిస్థితుల్లో. "ఇది సరిపోతుంది" అనాలంటే పూస లాంటి ప్రయోగం చూపించాలి. మీ పాత వాక్యాన్ని ఇప్పుడు సరిదిద్దండి.

ఐదో పాఠం లోపు ఇంకొక్క పని: ఆ ఎలుకల్లోనే ఎఫ్‌జీఎఫ్ 10ను కూడా తీసేస్తే మొగ్గ మళ్లీ ఆగిపోతుంది. ఎందుకో రెండు వాక్యాల్లో, "అవసరం", "సరిపోతుంది" అనే మాటలు రెండూ వాడి రాయండి.