శ్రమ లెక్క – 4వ పాఠం: ఆరు గంటలు ఎవరివి?

పోయిన పాఠంలో సరుకు ధరలోంచి ముడిసరుకు ఖర్చు తీసేసి, పనివాళ్ల చేతుల్లో పెరిగిన విలువ కట్టడం నేర్చుకున్నాం. ఈసారి ఆ విలువను గంటల్లోకి మారుద్దాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

1871 ఏప్రిల్ నాటి ఇంగ్లండు నూలుమిల్లు లెక్క ఇది. మాంచెస్టర్ మిల్లు యజమాని ఇచ్చిన అంకెలతో కార్ల్ మార్క్స్ వేశాడు. వారంలో తయారైన నూలు ధర 510 పౌండ్లు. పత్తి, బొగ్గు, యంత్రాల అరుగుదల, అద్దె అన్నీ కలిపి 378. పోగా 132, పనివాళ్ల చేతుల్లో పెరిగిన విలువ ఇదే. అందులో కూలి 52, యజమానికి మిగిలింది 80.

పని రోజుకు 10 గంటలు. 80ని 132తో భాగించి 10తో గుణించండి. ఆరు గంటల పైచిలుకు వస్తుంది. అంటే కార్మికుడు తన కూలిని నాలుగు గంటల్లోపే రాబట్టేశాడు. తక్కిన ఆరు గంటలూ యజమాని ఖాతాలోకి వెళ్లాయి.

ఇక్కడే చాలామంది "ఇదిగో దోపిడీ" అని పెన్సిలు కింద పెట్టేస్తారు. ఆగండి. యజమాని పత్తి బేరం చేస్తాడు, పద్దులు చూస్తాడు. ఆ పనికీ జీతం కట్టి తీసేయాలి, అది అతని కష్టం. 10 పౌండ్లు అనుకుందాం. ఇంకా 70 ఉంది. "నష్టమొస్తే భరించేది నేనే కదా" అంటాడు. నిజమే. మిల్లు మూతపడితే అతని పెట్టుబడి పోతుంది, కార్మికుడి ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది.

ఆ 70 న్యాయమో కాదో అంకెలు తేల్చలేవు. అప్పుడు అడగాల్సింది ఒకటే: ఈ కూలికి రానని చెప్పగలిగే స్థితిలో ఆ మనిషి ఉన్నాడా? నా మటుకు నాకు లెక్కంతటికీ ఇదే ఆయువుపట్టు. 1982లో ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడలు) నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు కూడా ఇక్కడే చెయ్యి పెట్టింది. గతిలేక కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేస్తే, అదీ రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అని తీర్పు చెప్పింది.

అభ్యాసం: నిజామాబాద్ వైపు వాళ్లయితే బీడీలు చుట్టే ఇంటికి వెళ్లండి. కూలి వెయ్యి బీడీల లెక్కన ఇస్తారు. ఇచ్చిన తునికాకు వెయ్యికి సరిపోయిందా? తక్కువైతే ఎవరు కొన్నారు? బాగాలేవని తీసేసిన బీడీలకు కూలి వచ్చిందా? ఆకు కత్తిరించడానికి పట్టిన గంటలూ రాసుకోండి, అవే ఎక్కువగా జారిపోతాయి. చివరగా, "ఈ పని మానేస్తే ఇల్లు ఎట్ల గడుస్తదక్కా?" అని అడగండి. జవాబు ఆమె మాటల్లోనే రాయండి. 5వ పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడదాం.