నడకకు మనసు రావడం లేదా? ముందు మాత్ర వేళ చూడండి

పర్లాకిమిడిలో చాలా ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేశాను. అప్పట్లో పిల్లలు వచ్చేవారు, ఇప్పుడు వాళ్ల తాతలు వస్తున్నారు. అందరిదీ ఒకే మాట: "నడవాలనే ఉంది మాస్టారూ, మనసు రావడం లేదు." మనసు సంగతి తర్వాత. ముందు కాళ్లు చూపించండి.

లక్షణం: పది రోజులు నడిచి, మడమ నొప్పితో ఆపేశారు.
కారణం: అరిగిపోయిన హవాయి చెప్పులు. అడుగులు లెక్కపెట్టే వాచీ కొంటారు గానీ, అడుగు కింద వేసుకోవడానికి మంచి జోడు కొనరు. కొనండి.

లక్షణం: మొదటి రోజే మహేంద్రతనయ ఒడ్డు దాకా వెళ్లొచ్చి, మర్నాటి నుంచి మంచం దిగరు.
కారణం: ఆత్రం. పది నిమిషాలతో మొదలుపెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు అంటుంది. అది మొదటి వారంలోనే తీర్చేయాల్సిన బాకీ కాదు.

లక్షణం: జోడు బాగుంది, తోడు ఉంది, మోకాళ్లు బాగున్నాయి. అయినా రారు. వచ్చినా పావుగంటకే "ఇంట్లో పనుంది" అంటూ వెనక్కి తిరుగుతారు.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. రైల్వేలో చేసి 60 ఏళ్లకు రిటైరైన మిత్రుడొకాయన ఇలాగే తప్పించుకునేవారు. బద్ధకమనుకుని నలుగురిలో మూడు నెలలు ఆటపట్టించాను. కాఫీ మానేశారు, శ్రీకాకుళంలో పెళ్లికి బస్సెక్కనన్నారు, అప్పుడైనా నాకు వెలగలేదు. చివరికి వాళ్లావిడ మా ఆవిడతో అన్నారు: "దారిలో ఒంటికి వస్తే ఎక్కడికి వెళతారు వదినగారూ?"

ఆయన రక్తపోటుకు వేసుకునే మందుల్లో ఒంట్లో నీరు తీసే మాత్ర ఒకటి ఉంది. ఉదయం ఐదింటికి వేసుకుని, ఆరింటికి మాతో బయలుదేరేవారు. ఫ్యూరోసెమైడ్ లాంటి మాత్ర గంటలోపే పని మొదలుపెట్టి, ఒకటి రెండు గంటల్లో ఉధృతమవుతుంది. దానికి తోడు ఆ వయసులో మగవారికి ప్రోస్టేటు గ్రంథి పెరిగి మాటిమాటికీ ఒంటికి రావడం మామూలే. ఇక రోడ్డు మీద ఆయన ప్రాణం ఎలా ఉంటుంది? ఈ సంగతి ఎవరూ నోటితో చెప్పరు, "ఆసక్తి లేదు" అంటారు. కాబట్టి ఉత్సాహం గురించి ఉపన్యాసం ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఏ మాత్ర, ఎన్ని గంటలకు? ఎంతమందికి చెప్పినా ఇది అడగరు.

పరిష్కారం: మాత్ర సొంతంగా మానకండి, వేళా మార్చకండి, డాక్టరును అడగండి. నడకను మాత్రం మీరే జరుపుకోవచ్చు. మాత్ర జోరు తగ్గాక, సాయంత్రం ఎండ వాలాక నడవండి. నీళ్లు తాగడం మానేసి బయలుదేరేవారూ ఉన్నారు. మన ఉక్కపోతలో అది కళ్లు తిరిగి పడిపోయే దారి. ఊరి చివరిదాకా పోకుండా, గానుగెద్దులా ఇంటి చుట్టూ వీధులే తిరగండి. ప్రతి చుట్టుకూ మీ గేటు ఎదురవుతుంది. మా మిత్రుడు నాలుగు చుట్లు వేస్తారు. మూడు వారాలకు గేటు దగ్గర ఆగడమే మానేశారు. కాఫీ కూడా మళ్లీ మొదలైంది.

ఆడవారికి ఇది ఇంకా ఇబ్బంది. దగ్గినా తుమ్మినా చుక్క జారుతుందని ఇల్లు కదలరు, డ్రిల్లు మాస్టారుతో అసలే చెప్పరు. మూత్రం ఆపుకునే కండరాన్ని బిగించి వదిలే వ్యాయామం ఉంది. ఫిజియోథెరపిస్టు నేర్పుతారు. ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి.

రాత్రి నాలుగైదుసార్లు లేస్తూ, దాహం కూడా ఎక్కువగా ఉంటే చక్కెర పరీక్ష చేయించుకోండి. నడిచేటప్పుడు గుండెలో బిగువు అనిపిస్తే అది ఈ జాబితాలోని సమస్య కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నీరసానికి కారణం థైరాయిడ్, రక్తహీనత అంటారా, ఒక రక్తపరీక్షతో తేలిపోతాయి. వాన అంటారా, వసారాలో తిరగండి.