పోడు వ్యవసాయం పేర్లను పరీక్షకు గుర్తుపెట్టుకోవడం ఎలా?

అడవిని నరికి, కాల్చి, ఆ బూడిదలో పంట వేసే పోడు సేద్యానికి ఒక్కో ప్రాంతంలో ఒక్కో పేరుంది. బెంగళూరులో ఉండి సివిల్స్‌కో గ్రూప్స్‌కో సిద్ధమవుతున్న తెలుగు అభ్యర్థులు ఈ పేర్లను పట్టికగా బట్టీ పడితే, జతపరచమన్న ప్రశ్నలో అవి తారుమారవుతాయి. ప్రపంచ పటం ముందు పెట్టుకుని, మన కొండల నుంచి బయటికి వెళ్లడం మేలు. ఆంధ్ర, ఒడిశాల్లో పోడు, పశ్చిమ కనుమల్లో కుమరి, ఈశాన్య రాష్ట్రాల్లో ఝూమ్, శ్రీలంకలో చేనా, ఇండోనేషియా, మలేషియాల్లో లదాంగ్, ఫిలిప్పీన్స్‌లో కైంగిన్, మడగాస్కర్‌లో తావి, బ్రెజిల్‌లో రోసా, వెనెజువెలాలో కొనుకో అని పటం మీదే రాసుకోండి.

తరువాత, వీలైన చోటల్లా పేరు పక్కన పంటనో పద్ధతినో చేర్చండి. ఉత్తర జాంబియాలోని చితెమెనె అనే పోడు పద్ధతిలో విశాలమైన అడవి నుంచి కొమ్మలు నరికి తెచ్చి, అంతకంటే చాలా చిన్న మడిలో కుప్పవేసి, వానలకు ముందు కాల్చి, ఆ బూడిదలో రాగులు చల్లుతారు. రాగిముద్ద దొరికే ఊళ్లో ఉంటూ దీన్ని మరిచిపోవడం కష్టమే. మెక్సికోలో మిల్పా అనే సేద్యంలో మొక్కజొన్న కాండం మీదికి బీన్స్ తీగ పాకుతుంది, గుమ్మడి ఆకులు నేలను కప్పుతాయి.

మయన్మార్ తౌంగ్యా దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. అది మొదట కొండసేద్యమే అయినా, బ్రిటిష్ అటవీ శాఖ ఆ రైతుల చేతనే పంటల మధ్య టేకు నాటించింది కాబట్టి, అటవీశాస్త్రంలో ఆ పేరు తోటల పెంపకానికీ వాడతారు.

వ్యాసరూప ప్రశ్న వస్తే పోడును 1882 మద్రాసు అటవీ చట్టపు ఆంక్షలతోనూ, 1922-24 నాటి మన్యం తిరుగుబాటుతోనూ కలిపి రాయండి.