గాజు చేతికి, క్యాప్ హోల్డర్‌కి
మాడిపోయిన పాత ఫిలమెంట్ బల్బు తీయబోతే గాజు బుడ్డి చేతికొచ్చింది. 22 మి.మీ. క్యాప్ మాత్రం హోల్డర్‌లోనే ఇరుక్కుపోయింది, మధ్యలో రెండు సన్నటి తీగలు వేలాడుతూ. స్విచ్‌ని నమ్మకుండా మెయిన్ ఆపేశాను. తీగలు కత్తిరించి, సన్నమూతి ప్లయర్‌తో క్యాప్ అంచు పట్టుకుని, కాస్త లోపలికి నొక్కి ఎడమకి తిప్పితే వచ్చేసింది.

లోపల నుంచి గోధుమరంగు పొడి రాలింది. గాజుని క్యాప్‌కి అంటించే సిమెంటు అదే: రెసిన్‌లో పాలరాతి పొడి కలిపి, వేడితో గట్టిపరుస్తారు. బల్బు వేడికే ఏళ్ల తరబడి మాగి పెళుసెక్కుతుంది. మళ్లీ అంటిద్దామనుకున్నాను గానీ, మాడిన బల్బుకి ఎందుకా సేవ!

కొత్తగా పెట్టిన ఎల్‌ఈడీకి సిమెంటు కనబడలేదు. క్యాప్ చుట్టూ వరసగా చిన్న నొక్కులు. ప్లాస్టిక్ బాడీని పట్టి ఉంచేది అవే.