ఘాట్ ప్రయాణానికి ముందు ఇంట్లోనే బ్రేక్ ప్యాడ్లు మారుస్తున్నారా?

తిరుమలకో, శ్రీశైలానికో, అరకుకో సొంత కారులో బయల్దేరే ముందు చాలామందికి బ్రేకులు గుర్తొస్తాయి. మంచిదే. కానీ శనివారం ప్రయాణం పెట్టుకుని శుక్రవారం రాత్రి ప్యాడ్లు మార్చడానికి కూర్చోవద్దు. కొత్త ప్యాడ్లకు డిస్క్ మీద పూర్తి పట్టు కుదరాలంటే కొన్ని వందల కిలోమీటర్లు నడపాలి. కనీసం వారం ముందే పని ముగించి, ఆ వారం ఊళ్లోనే తిప్పండి. తేడా ఏదైనా ఉంటే ఇంటి దగ్గరే బయటపడుతుంది.

కారుతో పాటు వచ్చే జాకీ టైరు మార్చుకోవడానికి మాత్రమే. దాన్ని నమ్ముకుని చక్రం విప్పిన కారు కింద చెయ్యి పెట్టొద్దు. గట్టి, చదునైన నేల చూసుకోండి. వాన పడిన మట్టి నేల అసలు వద్దు. నట్లను చక్రం నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, తర్వాత కారు ఎత్తి జాక్ స్టాండ్ (ఎత్తిన కారును మోసే ఇనుప ఊత) మీద నిలపాలి. ఎత్తని చక్రాలకు ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టండి. ఇటుకలు పనికిరావు, బరువుకు చిట్లిపోతాయి.

ప్యాడ్లు ఎప్పుడూ రెండు వైపులా కలిపే మార్చాలి. ఒక పక్క కొత్తవి, ఇంకో పక్క పాతవి ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక వైపు లాగుతుంది. విప్పిన క్యాలిపర్‌ను (ప్యాడ్లను పట్టి డిస్క్‌కు నొక్కే భాగం) బ్రేక్ గొట్టం మీద వేలాడనివ్వకండి, తీగతో పైన కట్టండి. దుమ్మును నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదొద్దు. బ్రేక్ క్లీనర్‌తోనో తడి గుడ్డతోనో తుడవండి. డిస్క్ మీద గానీ ప్యాడ్ రాపిడి వైపు గానీ గ్రీజు మరక ఉండకూడదు. క్యాలిపర్‌లో ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌ను వెనక్కి నొక్కేటప్పుడు బానెట్ కింద ఉండే బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం పెరుగుతుంది. పొంగి పెయింట్ మీద పడితే పెయింట్ పాడవుతుంది, వెంటనే నీళ్లతో కడిగేయండి. ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్ ఉన్న కార్లలో వెనక పిస్టన్‌ను బలవంతంగా నొక్కొద్దు. ముందు ఆ హ్యాండ్ బ్రేక్‌ను సర్వీస్ మోడ్‌లో (పిస్టన్‌ను వెనక్కి వెళ్లనిచ్చే సెట్టింగ్) పెట్టాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ప్యాడ్లు బిగించాక మొదటిసారి బ్రేకు నొక్కితే పెడల్ నేరుగా అడుగుకు దిగిపోతుంది. పిస్టన్ వెనక ఉంది కాబట్టి అంతే. ఆ సంగతి మరిచి బండి స్టార్ట్ చేసి రివర్స్ వేస్తే గేటుకో, వెనక ఆడుకునే పిల్లలకో గుద్దుకుంటుంది. ఇంజిన్ ఆపి ఉండగానే, పెడల్ గట్టిపడేదాకా నెమ్మదిగా పలుమార్లు నొక్కండి. తర్వాతే గేరు.

ప్యాడ్లు మార్చినంత మాత్రాన ఎయిర్ తీయాల్సిన (బ్రేక్ గొట్టాల్లో చేరిన గాలిని బయటకు పంపాల్సిన) పని లేదు. గొట్టం విప్పినప్పుడో, పెడల్ మెత్తగా ఉన్నప్పుడో, ఆయిల్ పాతబడినప్పుడో తీయాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బ్రేక్ ఆయిల్ రకాలకు డాట్ 3, 4, 5 అని పేర్లుంటాయి. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ 230 డిగ్రీల లోపు మరగకూడదు. తేమ పట్టిన ఆయిల్‌కు ఆ హద్దు 155 డిగ్రీలే. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచితే ఆ వేడి రావడం కష్టమేమీ కాదు. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ నొక్కినా బ్రేకు పడదు. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. సీలు విప్పి నెలల తరబడి ఉంచిన డబ్బా వాడకండి. కారులోని ఆయిల్ డబ్బా మూత మీద రాసిన రకమే పోయండి. డాట్ 5 సిలికాన్ ఆయిల్, దాన్ని 3, 4 లతో కలపకూడదు. ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి.

ఎయిర్ తీయడానికి ఇద్దరు కావాలి. పెడల్ దగ్గరి మనిషి 'నొక్కాను' అన్నాకే రెండో మనిషి క్యాలిపర్ మీది నిపుల్ (గాలి బయటకు పోయే చిన్న స్క్రూ) తెరవాలి, అతను 'మూశాను' అన్నాకే పెడల్ మీది కాలు తీయాలి. ఈ మాట తప్పితే గాలి తిరిగి లోపలికి పోతుంది. డబ్బాలో ఆయిల్ అడుగంటనివ్వకండి. పాత బండి అయితే పెడల్ కింద చెక్క ముక్క పెట్టండి, పూర్తిగా దిగితే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ను గొట్టాల్లోకి తోసే భాగం) సీళ్లు చిరగొచ్చు. ఏ చక్రం ముందు అన్నది బండిని బట్టి ఉంటుంది, మాన్యువల్ చూడండి. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కార్లలో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. ఆ యూనిట్‌లోకి గాలి చేరితే చాలా బండ్లలో స్కానర్ (కారు కంప్యూటర్‌కు తగిలించే పరికరం) లేకుండా బయటకు రాదు. అక్కడ మొండితనం వద్దు, వర్క్‌షాప్‌కు అప్పగించండి.

చక్రాల నట్లను ఎదురెదురుగా బిగించి, యాభై కిలోమీటర్లు నడిపాక మళ్లీ చూడండి. తొలి పరీక్ష ఖాళీ స్థలంలో, నడక వేగంతో చేయండి. పెడల్ మెత్తగా అనిపించినా, బ్రేక్ లైటు వెలిగినా షెడ్డు దాకా నడుపుకుంటూ వెళ్లొద్దు, మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.