బల్ల ఆదివారానికి ముందు రాత్రి

మా చర్చిలో నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. ముందు రాత్రి అంట్లు తోమేశాక, ఫోను పక్క గదిలో పడేసి, నా పాపాలు దేవుడి దగ్గర ఒప్పుకోవడానికి ఒంటరిగా కూర్చుంటాను.

"తెలిసీ తెలియక చేసిన పాపాలన్నీ క్షమించు ప్రభువా" అని ఒక్క మాటలో తేల్చేయకండి. ఏళ్ల తరబడి నేనూ అలాగే చేసి హాయిగా నిద్రపోయాను. చేసినదాన్ని పేరు పెట్టి చెప్పాలి. స్త్రీల సమాజం చందాలోంచి 500 రూపాయలు తీసుకుని "సర్దుకున్నాను" అనుకున్నాను. "దొంగిలించాను" అన్న మాట నోట్లోంచి రావడానికి మూడు వారాలు పట్టింది. "ఇంట్లో ఇబ్బంది, అందుకే" అని తోక తగిలిస్తే అది ఒప్పుకోలు కాదు, వకాల్తా. బైబిల్లో 51వ కీర్తన చదవండి, పరాయివాడి భార్య బత్షెబతో పాపం చేసిన దావీదు రాజు తప్పు ఆమె మీదకి నెట్టడు.

అందరి ముందూ మైకులో చెప్పాలా? అక్కర్లేదంటాను. పక్కవాళ్ల గుట్టు కూడా బయటపడుతుంది. నష్టపోయినవాళ్లకి చెబితే చాలు.

పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడని చెప్పే 1 యోహాను 1:9 చదివి, క్షమాపణ దొరికిందని నమ్మండి. అలాగని డబ్బు ఉంచేసుకోకూడదు. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. నేను 500 మాత్రమే పట్టుకెళ్లాను, అదీ చేతులు వణుకుతుంటే. లెక్కలు చూసే అక్క నోట్లు లెక్కపెట్టి, పుస్తకంలో రాసుకుని, "టీ తాగుతావా?" అంది.